స్కానింగ్‌లో కనపడని అతుకులు

ముప్పై ఏళ్ల పైచిలుకు నేను కడుపులు కోసి కుట్టే పని చేశాను. వనపర్తిలో మొదలుపెట్టాను, నాగర్‌కర్నూల్‌లో ఎక్కువ కాలం ఉన్నాను, గద్వాలలో రిటైరయ్యాను. కొత్తగా సర్జరీలోకి వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా బదిలీలు, నా ఫైళ్లు ఎవరికీ పనికిరావు కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఏ సంఘటన ఏ ఆసుపత్రిలో జరిగిందో కూడా చెప్పను. ఇందులోని తప్పులు నావి. మనుషుల పేర్లు మార్చాను.

చెప్పదలచుకున్నది ఒకే విషయం. చదువుకునే రోజుల్లో దాన్ని పుస్తకంలో రెండు పేజీలుగా చదివి పరీక్ష రాసి మరచిపోయాను. ఉద్యోగంలో అది నన్ను చివరిదాకా వదల్లేదు.

కడుపులో పేగులు ఒకదానిమీద ఒకటి జారుతూ కదులుతుంటాయి. వాటి మీద తడిగా, నునుపుగా ఒక పొర ఉంటుంది. ఆపరేషన్ జరిగినా, లోపల చీము పట్టినా, పేగులకు క్షయ సోకినా ఆ పొర గాయపడుతుంది. ఆ గాయం మానేటప్పుడు పక్కన ఏది ఉంటే దాన్ని పట్టుకుని మానుతుంది. పేగు పేగుకు అంటుకుంటుంది, పొట్ట గోడకు అంటుకుంటుంది, ఆడవాళ్లలో గర్భసంచి చుట్టూ అంటుకుంటుంది. ఒకచోట పలచని పొరలా ఉంటుంది, ఇంకోచోట తాడులా ఉంటుంది. వీటినే మేం అడ్హిషన్స్ అంటాం. తెలుగులో అతుకులు అంటే సరిపోతుంది. కడుపు తెరిపించుకున్నవాళ్లలో చాలామందికి ఎంతో కొంత ఏర్పడతాయి. ఎక్కువమందికి అవి ఉన్నట్టు కూడా తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. కొందరికి నొప్పి వస్తుంది. కొందరు ఆడవాళ్లకు గర్భం నిలవడం కష్టమవుతుంది. కొందరికి ఒకరోజు పేగు మెలిపడి మూసుకుపోతుంది. అప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

రహీం సార్

నా మొదటి పై అధికారి రహీం సార్. కోపిష్టి, మాట తక్కువ. ఆ రోజుల్లో ఆపరేషన్ గ్లౌజులను కడిగి, ఆరబెట్టి, పౌడర్ చల్లి మళ్లీ వాడేవాళ్లం. సార్ గ్లౌజులు వేసుకున్నాక తడి గుడ్డతో రెండు చేతులూ వేలు వేలునా తుడుచుకునేవారు. మమ్మల్నీ తుడుచుకోమనేవారు. పేషెంటు బల్ల మీద సిద్ధంగా ఉంటే ఈయన ఇంతసేపు చేతులు తుడుచుకుంటాడేమిటని నాకు విసుగొచ్చేది. పేగును పొడి గుడ్డతో పట్టుకుంటే సార్ నా మణికట్టు మీద కొట్టేవారు.

"తడి చెయ్. పేగు ఎండొద్దు. రుద్దొద్దు," అనేవారు. అంతకుమించి వివరించేవారు కాదు.

ఆ పౌడర్ లోపల పడితే అక్కడ పేగులు అంటుకుంటాయని, పొడి గుడ్డ రుద్దినచోట నునుపు పొర లేచిపోతుందని నేను తర్వాత చదువుకున్నాను. ఇప్పుడు పౌడర్ లేని గ్లౌజులు వచ్చాయి, చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్లు వచ్చాయి, అతుకులు తగ్గాయి. పూర్తిగా పోలేదు. పై అధికారులకు నాదొక్కటే విన్నపం. మీ చేతి అలవాట్లకు కారణం కూడా చెప్పండి. రహీం సార్ చెప్పి ఉంటే నేను ఇంకా ముందే నేర్చుకునేవాణ్ని.

జములమ్మ

జములమ్మ గద్వాలలో చీరలు నేసే ఇంటి కోడలు. ముప్పై దాటి ఉంటాయి. అపెండిక్స్ పగిలి, కడుపు నిండా చీముతో వచ్చింది. నేనే ఆపరేషన్ చేశాను. చీమంతా కడిగి, కుట్టి, పది రోజులకు ఇంటికి పంపాను. ఆమె బతికింది. నాకు మంచి పేరొచ్చింది.

ఏడాది తర్వాత ఓపీకి వచ్చింది. వెంట భర్త వీరేశం ఉన్నాడు.

"సారు, తిన్నంక అరగంటకు మొదలైతది," అంది. "బొడ్డు కాడ లోపల్నుంచి ఎవరో పట్టి గుంజినట్టుంటది. మగ్గం మీద ముందుకు వంగితే ఎక్కువైతది. పక్కకు పండుకుంటే జర నయం."

స్కానింగ్ తీయించాను. ఏమీ లేదు. రక్త పరీక్షలు బాగున్నాయి.

"ఏం లేదమ్మా. గ్యాస్. కారం తగ్గించు," అన్నాను. మాత్రలు రాశాను.

రెండు నెలలకు మళ్లీ వచ్చింది. మళ్లీ మాత్రలు రాశాను. మూడోసారి ఆమె కుర్చీలో కూర్చుని నా ముఖంలోకి చూసి అడిగింది. "గ్యాస్ అయితే కారం తిన్న నాడే రావాలె గద సారు. నాకు పాలన్నం తిన్నా వస్తది. తినకుంటే రాదు. గిది ఏం గ్యాస్?"

ఇప్పుడు ఆలోచిస్తే ఆమె నాకు జబ్బు పేరు తప్ప మిగతాదంతా చెప్పింది. ఎక్కడ గుంజుతుందో, ఎప్పుడు గుంజుతుందో, ఎటు వంగితే ఎక్కువవుతుందో చెప్పింది. ఆమె కడుపు మీద నేను కోసిన గీత నా కళ్ల ముందే ఉంది. నేను మాత్రం స్కానింగ్ కాగితం చూస్తున్నాను. మామూలు స్కానింగ్‌లో అతుకులు కనపడవు. పలచని పొరలు, సన్నని తాళ్లు అందులో తేలవు. రిపోర్టులో ఏమీ లేదంటే యంత్రానికి ఏమీ కనపడలేదనే అర్థం. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. పరీక్షలో రాశాను కూడా. బయట ఎనభై మంది లైనులో ఉన్నారు. నేను చేసిన ఆపరేషన్ వల్ల ఒక మనిషి బాధపడుతోందన్న ఆలోచనే నాకు రాలేదు. రానివ్వలేదు అనడమే నిజం.

నాలుగోసారి వచ్చినప్పుడు చీటీ మీద "మానసిక ఆందోళన" అని రాసి, నిద్రమాత్ర రాసి పంపాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆమె రాలేదు. తగ్గిపోయిందనుకున్నాను.

మూడో రోజు పొద్దున

ఒక గురువారం పొద్దున వీరేశం ఆమెను ఆటోలో పడుకోబెట్టి తెచ్చాడు. ఆకుపచ్చగా వాంతులు. కడుపు ఉబ్బి బిగుసుకుపోయి ఉంది. నొప్పి అలలాగా వచ్చి ఆమెను ముడుచుకునేలా చేసి, పోతోంది.

"రెండు దినాల సంది బయటికి పోలేదు సారు. గాలి కూడా పోతలేదు," అన్నాడు వీరేశం.

నిలబెట్టి ఎక్స్‌రే తీయించాం. ఉబ్బిన పేగుల్లో నీరు, గాలి మెట్లు మెట్లుగా నిలబడి ఉన్నాయి. పేగు మూసుకుపోయింది. ఆమె కడుపు మీద పాత కోత గీత ఉన్నప్పుడు కారణం కోసం దూరం వెళ్లక్కర్లేదు.

ఇలాంటప్పుడు వెంటనే కత్తి పట్టకూడదు. నోటికి ఏమీ ఇవ్వం. ముక్కులోంచి గొట్టం వేసి కడుపులో నిలిచిన నీరంతా తీసేస్తాం. నరంలోకి సెలైన్ ఎక్కిస్తాం. ఒత్తిడి తగ్గితే చాలామందికి పేగు తనంతట తానే సర్దుకుని తెరుచుకుంటుంది. రెండు మూడు రోజులు ఆగవచ్చు. కానీ ఆగడమంటే వదిలేయడం కాదు. కొన్ని గంటలకొకసారి చెయ్యి వేసి చూడాలి. నొప్పి వచ్చి పోయేది కాస్తా పోకుండా నిలబడిపోయినా, నాడి వేగం పెరిగినా, జ్వరం వచ్చినా, ముట్టుకుంటే పొట్ట గట్టిపడినా ఆ పేగుకు రక్తం అందడం లేదని అనుమానించాలి. అప్పుడిక ఆగే పని లేదు.

శుక్రవారం ఆమెకు కొంత నయంగా ఉంది. శనివారం పొద్దున నేను వార్డులోకి అడుగుపెడుతుండగానే హెడ్ నర్సు సుగుణ ఎదురొచ్చింది. ఇరవై ఏళ్లుగా అదే వార్డులో పనిచేస్తున్న మనిషి.

"సార్, జములమ్మను ముందు చూడండి. నిన్నటిదాకా నొప్పి వచ్చి పోతుండె. ఇయ్యాల పోతలేదంటుంది. మాట్లాడతలేదు. నాడి నూటిరవై ఉంది."

సుగుణ ఆ మాట చెప్పకపోతే నేను వార్డు ఈ చివర నుంచి వరసగా చూసుకుంటూ వెళ్లేవాణ్ని. జములమ్మ మంచం ఆ చివర ఉంది. గంటన్నర పట్టేది. నర్సు వచ్చి "నాకెందుకో బాగనిపిస్తలేదు" అంటే దాన్ని పరీక్ష రిపోర్టు కంటే ముందు చూడండి.

వీరేశాన్ని, అతని తల్లిని పక్కకు పిలిచి ఆపరేషన్ చేయాలన్నాను. ఆ తల్లి రాయచూరు వైపు నుంచి వచ్చిన మనిషి. "బేడ సారు, బేడ," అని నా చేతులు పట్టుకుంది. వద్దు అని.

వీరేశం తల దించుకుని అడిగాడు. "మళ్ల కోస్తరా? అప్పుడు కోసినందుకే గిట్లయింది గద?"

అప్పటిదాకా ఆ మాట నాతో ఎవరూ అనలేదు. నేనూ నోటితో అనలేదు.

"అవును," అన్నాను. "అప్పుడు కోసినందుకే. అప్పుడు కోయకపోతే బతికేది కాదు. ఇప్పుడు కోయకపోతే కూడా బతకదు."

అతను తల్లి చేతులను నా చేతుల మీదినుంచి మెల్లగా తీశాడు. "సంతకం యాడ పెట్టాలె?" అన్నాడు.

కడుపు తెరిచాం. ఒకే ఒక్క అతుకు, ట్వైన్ దారమంత. పాత అపెండిక్స్ చోటు నుంచి పేగు మీదుగా అడ్డంగా బిగుసుకుని ఉంది. దాని కింద జానెడు పేగు నేరేడు పండు రంగుకు తిరిగింది. దారాన్ని కత్తిరించడానికి క్షణం కూడా పట్టలేదు. ఏడాదికి పైగా ఆమెను గుంజుతున్నది, నేను గ్యాస్ అని పేరుపెట్టింది, కత్తెర రెండు మొనల మధ్య తెగిపోయింది.

పేగు చచ్చిపోయి ఉంటే ఆ ముక్క కోసి తీసేయాలి. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డలు చుట్టి, గడియారం చూస్తూ ఆగాం. పదిహేను నిమిషాలు. గుడ్డ తీస్తే అంచుల్లో ఎరుపు కనిపించింది. ఇంకో ఐదు నిమిషాలు ఆగాం. ఎరుపు లోపలికి పాకింది. వేలితో మెల్లగా తట్టితే పేగు కదిలింది, పురుగు పాకినట్టు ఒక అల దాని మీదుగా వెళ్లింది. ముక్క తీయాల్సిన పని లేదు. అసిస్టెంటును కుట్లు మొదలుపెట్టమని చెప్పి, స్టూలు తెప్పించుకుని కూర్చున్నాను. సర్వీసులో ఆపరేషన్ మధ్యలో కూర్చోవడం అదొక్కసారే.

చెప్పవలసిన మాట

నాలుగు రోజుల తర్వాత ఆమె మజ్జిగ తాగి కూర్చుని ఉంది. వీరేశం పక్కనే ఉన్నాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"జములమ్మా, నీ నొప్పి గ్యాస్ కాదు. నా మొదటి ఆపరేషన్ తర్వాత లోపల అతుకు పడింది. నువ్వు నాలుగుసార్లు వచ్చి చెప్పినవ్. నేను పట్టించుకోలే. తప్పు నాదే."

సర్జన్లు ఇలా మాట్లాడితే కొంపలు మునుగుతాయని మాకు నేర్పారు. మునగలేదు. వీరేశం కోపంతో లేచి బయటికి వెళ్లాడు, కాసేపటికి తిరిగొచ్చి నిలబడ్డాడు.

జములమ్మ ఖాళీ గ్లాసును చేతిలో తిప్పింది. తర్వాత అంది. "మీరు రాసిన చీటీ ఈయన సదివిండు. మనసు రోగమని రాసిండ్రంట. గప్పట్నుంచి ఇంట్ల నొప్పి అంటే ఎవరూ ఇనలే. కొన్నాళ్లకు నాకు కూడా గట్లనే అనిపించింది. నాకే ఏదో అయిందేమో, ఉత్తగనే నొప్పి అంటున్ననేమో అని."

"తప్పయింది," అన్నాను మళ్లీ.

"బతికిన్నని సంతోషమే సారు. గంతకన్నా, లోపల దారం నిజంగనే ఉండె అని తెలిసినంక మనసు తేలికైంది." ఆమె భర్తవైపు చూసింది. "ఇన్నవా? నిజంగనే ఉండె."

వీరేశం తల ఊపాడు. ఆ తర్వాత ఆమె చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుని కడిగి తెచ్చాడు.

ఆమె క్షమించిందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు. కానీ నా గుండె మీదినుంచి బరువు దిగింది. తప్పు ఒప్పుకున్నాక పేషెంటు ముఖంలోకి చూడగలగడం ఎంత హాయిగా ఉంటుందో నేను నలభై దాటాకే తెలుసుకున్నాను.

రెండో తప్పు

ఇక్కడితో నేను బాగుపడ్డానని అనుకోకండి. ఆ తర్వాత కొన్నేళ్లు కడుపునొప్పితో వచ్చిన ప్రతి ఒక్కరిలో నాకు అతుకులే కనిపించాయి.

లింగాల నుంచి ఈదమ్మ అని ఒకామె వచ్చింది. కూలి పని. తెల్లబట్టకు మందు ఇస్తే సరిపోయేదానికి ఎక్కడో గర్భసంచి తీసేశారు. అప్పటికి ఆమెకు ముప్పై కూడా లేవు. అప్పటినుంచి పొత్తికడుపులో నొప్పి. వాంతులు లేవు, ఉబ్బరం లేదు, పేగు మూసుకోలేదు. నొప్పి ఒక్కటే. జములమ్మ పట్ల చేసిన తప్పు మళ్లీ చేయకూడదన్న తొందరలో ఆమె కడుపు తెరిచి, కనపడిన అతుకులన్నీ విడదీశాను. ఐదు నెలలు బాగుంది. ఆరో నెలలో వచ్చింది.

"సారు, గప్పటి కన్నా ఎక్కువైంది," అంది. నన్ను నిందించలేదు. నిందిస్తే బాగుండేది.

అప్పటికి రహీం సార్ రిటైరై చాలా ఏళ్లయింది. ఫోన్ చేసి చెప్పాను. ఆయన అంతా విని, "అతుకులు విడదీస్తే అక్కడ గాయమే కదా మిగిలేది? ఆ గాయం మళ్లీ అతుక్కోదా?" అన్నారు. కొంచెం ఆగి, "పేగు మూసుకుంటే కోయి. ఉత్త నొప్పికి కోసేముందు పదిసార్లు ఆలోచించు. నేనూ ఈ తప్పు చేసినవాణ్నే," అన్నారు. ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

ఈదమ్మకు మళ్లీ కత్తి పెట్టలేదు. ఇంకొకరు పెడతామంటే వద్దని ఆమెకు గట్టిగా చెప్పాను. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తినమన్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి ఆమెకు కోత గీత చుట్టూ చర్మాన్ని మెల్లగా మర్దన చేసుకోవడం, ఊపిరి తీసుకుంటూ నడుము సాగదీయడం నేర్పింది. దీర్ఘకాలపు నొప్పికి వాడే మాత్ర చిన్న మోతాదులో మొదలుపెట్టాను. నొప్పి ఒక్కసారిగా పోదని ముందే చెప్పాను. నెలనెలా వచ్చేది. ఏడాదిన్నరకు పత్తి తీతకు పోతున్నానని చెప్పింది. "నొప్పి ఉన్నది సారు. కని రోజంత దాని ఎంబడే ఉంటలేను," అంది. మందు ఆమె బాధను పూర్తిగా తీసేసిందని చెప్పను. ఆమె తన పని తాను చేసుకుంటోంది. ఆ మాట విన్న రోజు నేను ఇంటికి వెళ్లి కడుపునిండా తిన్నాను.

ఆగడం

జములమ్మను మళ్లీ చూసింది ఆరేళ్ల తర్వాత. ఈసారి ఆలస్యం చేయకుండా, వాంతులు మొదలైన రోజే వచ్చింది. డిశ్చార్జి రోజు నేను చెప్పిన మాటలు ఆమెకు గుర్తున్నాయి. నొప్పి మొదలైతే అన్నం మాని నీళ్లు, గంజి తాగాలి. వాంతులై, గాలి పోవడం ఆగితే ఇంట్లో ఉండకూడదు, ఎవరు గ్యాస్ అన్నా వినకూడదు.

అదే ఎక్స్‌రే, అవే మెట్లు. నేను ఆ కడుపును అప్పటికే రెండుసార్లు కోశాను. లోపల ఎన్ని అతుకులున్నాయో ఊహించగలను. మూడోసారి తెరిస్తే పేగుకు చిల్లు పడే ప్రమాదం కూడా ఉంది. గొట్టం వేసి, సెలైన్ పెట్టి, ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే మందు ఒకటి గొట్టంలోంచి పంపాను. అది ఒక రోజులో పెద్దపేగుకు చేరితే దారి తెరుచుకుంటున్నట్టే.

ఆ రోజంతా నేను ఎన్నిసార్లు ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టానో లెక్కలేదు. వెళ్లిన ప్రతిసారీ నేను అడగకముందే ఆమే చెప్పేది. "వచ్చి పోతున్నది సారు. నిలవడతలేదు." ఏది భయపడాల్సిన నొప్పో, ఏది కాదో ఆమెకు ఇప్పుడు నా అసిస్టెంట్ల కంటే బాగా తెలుసు.

మర్నాడు పొద్దున పది గంటలకు ఎక్స్‌రే వచ్చింది. తెల్లని మందు పెద్దపేగులోకి దిగి ఉంది. ఆ ఫిల్ము పట్టుకుని వార్డుకు వెళ్తుంటే వరండాలో వీరేశం ఎదురొచ్చాడు. చుట్టూ జనం ఉన్నారని నా చెవి దగ్గరికి వంగి, పెళ్లి కుదిరిన సంగతి చెప్పినట్టు గుసగుసగా చెప్పాడు.

"సార్, గాలి పోయింది. రెండుసార్లు."

నాకు నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. సిగ్గుపడుతూ మొదలుపెట్టి, తర్వాత ఇద్దరం గోడకు ఆనుకుని నవ్వాం. వార్డులో ఆ వార్త అప్పటికే పాకింది. పక్క మంచం ముసలామె జములమ్మకు చెయ్యెత్తి దండం పెడుతోంది.

సాయంత్రం గొట్టం తీశాను. మర్నాడు గంజి, ఆ తర్వాత మెత్తటి అన్నం. కత్తి ముట్టకుండా ఐదో రోజున ఇంటికి పంపాను. నా సర్వీసులో నేను గర్వపడే పనుల్లో అదొకటి. చేసింది ఆగడమే, కళ్లు తెరుచుకుని ఆగడం.

వెళ్లేముందు ఆమె మంచం అంచున కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ అడిగింది. "ఇంక రాదా సారు?"

పదేళ్ల కిందట అయితే రాదమ్మా, భయపడకు అనేవాణ్ని.

"రావచ్చు," అన్నాను. "రాకపోనూ వచ్చు. లోపల అతుకులు ఉంటయి. వస్తే ఏం చేయాల్నో నీకు తెలుసు."

ఆమె రెండో చెప్పు కూడా తొడుక్కుంది. నేను ఆమె కళ్లల్లో భయం కోసం చూశాను. కనపడలేదు.

"సరే," అంది. "వస్తే వస్త. మీరు లేకున్నా చెప్పుకుంట, నా కడుపు సంగతి నాకు తెల్సు గద." లేచి, కొంగు సరిచేసుకుని, వీరేశం చేతిలోని సంచి తానే అందుకుని నడిచింది.